నాన్న నోటి ‘కానీ’

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరూ ఒకచోట కుదురుగా కూర్చోలేదు. అమ్మ ఎంగిలి చేత్తోనే వాకిట్లోకి వచ్చి ఆకాశం చూసేది. నేను మడిగట్టు మీద నుంచి చూసేవాణ్ణి. మబ్బు లేదని తెలిస్తే కాసేపు నిమ్మళం. ఆ కాసేపు అయ్యాక మళ్ళీ తల ఎత్తాల్సిందే.

మాది ఉప్పు పండించే ఇల్లు. తూము ఎత్తి సముద్రపు పాయ నీళ్ళు పెద్ద మడిలోకి వదలాలి. ఎండకి అవి చిక్కబడ్డాక చిన్న మడుల్లోకి మళ్ళించాలి. నీళ్ళ మీద పూత లేస్తుంది. పూత మునిగి అడుగున గింజ కడుతుంది. గింజ ముదిరాక చెక్కపారతో గట్టుకు లాగి కుప్ప పోసి చాపలు కప్పాలి. ఇదీ మా సేద్యం. తడిసిన మట్టి వాసన అంటే అందరికీ ఇష్టం. మా ఇంట్లో ఆ వాసన వస్తే పక్కిల్లు కాలుతున్న వాసన వచ్చినట్టు లేస్తాం.

కిందటేడు అకాల వాన మా పంటంతా నాకేసింది. రెండేళ్ళు వరసగా, ఊరి ఉప్పంతా కొని నిలవచేసే కొఠారుకి పంట తోలలేని వాడి మడులు వేరేవాడికి ఇచ్చేస్తారు. అది మా తాతల నాటి నుంచీ ఉన్న కట్టుబాటు. మా తాతకి ఆ మడులు వచ్చింది కూడా అలాగే, ఎవరో పోగొట్టుకుంటేనే. కాబట్టి ఈ ఏడు ఉప్పు కొఠారు చేరాలి. చేరకపోతే మాకు మడి లేదు. మడి లేకపోతే మాకు చేతనైన పని ఇంకోటి లేదు.

నాన్న ఒక్కడే నిలకడగా ఉండేవాడు. అదే నాకు కంటగింపు. పొద్దున్నే తూము దగ్గర నిలబడి పెదాలు కదిపేవాడు. దేవుడితో ఏం మాట్లాడేవాడో తూముకి కూడా వినపడేది కాదు. తర్వాత పంచె ఎగగట్టి మడిలోకి దిగేవాడు. "వాన వస్తే ఎలా నాన్నా?" అంటే "పార ఇటివ్వు" అనేవాడు.

అక్కని మెరక ఊరికి ఇచ్చాం. మా మడుల దగ్గర నుంచి చూస్తే మెరక పొలాలు కనపడతాయి. అంత దగ్గర. అక్కడ రెండేళ్ళుగా అదనులో వాన లేదు. ఒకరోజు అక్కా బావా పిల్లలిద్దర్నీ బండిలో ఎక్కించుకుని దిగారు. బండిలో పిల్లలతో పాటు ఖాళీ బిందెలు కూడా ఉన్నాయి.

"ఏం అల్లుడూ, బావి ఎలా ఉంది?" అన్నాడు నాన్న.

"దివ్యంగా ఉంది మామయ్యా. పావురాలు గూళ్ళు పెట్టుకున్నాయి. అడుక్కి దిగి గుడ్లు ఏరుకోవచ్చు." బావ నవ్వాడు గాని, చెయ్యి ఎద్దు పక్కటెముకల మీద తచ్చాడుతోంది. "ఇంకొన్నాళ్ళు చూస్తాం. వాన పడకపోతే ఎద్దుల్ని తోలేసి, ఇంటికి తాళం పెట్టి పట్నం పోతాం. ఇటుకలు మొయ్యడానికి మనుషులు కావాలంటున్నారు."

మా ఇంట్లో వాన మాట ఎవరన్నా ఎత్తితే అమ్మ చీపురు తిరగేస్తుంది. అల్లుడు కాబట్టి ఊరుకుంది. "కాళ్ళు కడుక్కో నాయనా" అని మాత్రం అంది.

వెళ్ళేముందు బావ అసలు విషయం చెప్పాడు. మెరక వాళ్ళంతా ఎండిపోయిన వాగులో కూడి వాన కోసం ప్రార్థన పెట్టుకుంటున్నారు. "మీరు కూడా రండి మామయ్యా. మీరొస్తే మీ అమ్మాయికి బాగుంటుంది."

"వస్తాను" అన్నాడు నాన్న.

బావ బండి మలుపు తిరిగేదాకా ఆగాను. "మన కొంప మీద మనమే కొరివి పెట్టమని అడగడానికి పోతామా?"

"అల్లుడు పిలిచాడు."

"అల్లుడు పిలిస్తే పెళ్ళికి పో, పేరంటానికి పో. వానని పిలవడానికి పోతావా? గింజ ఇంకా ముదరనే లేదు."

"పిలిస్తే వచ్చేది కాదు, వద్దంటే ఆగేది కాదు" అన్నాడు. "అక్కడ నీ అక్క ఉందిరా."

వాగులో ఇసుక కాలుతోంది. జనం తుండుగుడ్డలు పరుచుకుని కూర్చున్నారు. ప్రార్థన నడిపించే పెద్దాయన ఒక్కొక్కరినీ లేపి మాట్లాడిస్తున్నాడు. ఒకామె తన గేదె పేరు చెప్పి ఏడ్చింది. ఒక రైతు దేవుణ్ణి గట్టిగా కేకలేశాడు, పక్క పొలం వాణ్ణి కేకలేసినట్టు. మేం చివర కూర్చున్నాం. పెద్దాయన చూపు తిరిగి తిరిగి మా మీద ఆగింది.

"ఉప్పాయనా, నువ్వూ ఒక మాట చెప్పు."

ముందు వరసలోంచి ఎవడో అందుకున్నాడు. "ఆయన్నెందుకు లేపుతారు పెద్దయ్యా? వానొస్తే కరిగేది ఆయనే." జనం నవ్వారు. ఆ ఎండలో నవ్వడానికి ఏదో ఒకటి దొరికింది వాళ్ళకి.

"అందుకే లేపుతున్నాను" అన్నాడు పెద్దాయన. "ఎండినవాడు వాన అడగడం గొప్పా?"

నాన్న లేచాడు. మోకాళ్ళకి అంటిన ఇసుక దులుపుకున్నాడు. మళ్ళీ దులుపుకున్నాడు. నాన్న నలుగురిలో నోరు విప్పగా నేనెప్పుడూ చూడలేదు.

"దేవుడా, మెరక నేల ఎండిపోయింది. అక్కడ నా కూతురుంది. పల్లాన నా మడి పండుతోంది. అక్కడ నా కొడుకున్నాడు. పైనుంచి నీకు రెండూ కనపడతాయి. నాకు ఒకసారి ఒకటే కనపడుతుంది. నీ ఇష్టం." ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "కానీ."

కూర్చున్నాడు.

పెద్దాయన కళ్ళు మూసుకునే ఎదురుచూశాడు. జనం ఎదురుచూశారు. ఎక్కడో ఒక పిల్ల తుమ్మింది.

"చెప్పు నాయనా. కానీ...?"

"అయిపోయిందండీ."

దారిలో మొదట నోరు విప్పింది అమ్మే. "ఇదిగో, నిన్నే. 'అలాగే కానీ' అన్నావా, లేకపోతే 'కానీ మా గతేంటి' అన్నావా?"

"కింద చూసి నడువు. ముళ్ళున్నాయి."

"ముళ్ళ సంగతి నాకు తెలుసు. నీ సంగతే నాకు తెలీడం లేదు."

నాకు మాత్రం ఏ అనుమానమూ లేదు. నాన్న మన పక్షాన ఒక మెలిక పెట్టాడనుకున్నాను. తెలివైనవాడే అనుకున్నాను. కొంత దూరం సాగనంపడానికి వచ్చిన బావ నా భుజం మీద చెయ్యేసి, "కానిమ్మనేశాడు రా మామయ్య. ఎంత గుండె కావాలి!" అన్నాడు. ఒకే మాట. నేనొకటి మూటగట్టుకున్నాను, బావ ఒకటి మూటగట్టుకున్నాడు. వాగులో ఉన్న వాళ్ళంతా తలా ఒకటి మోసుకుపోయారు.

వాన రాలేదు. మబ్బు వచ్చేది, కొండ మీద కాసేపు కూర్చునేది, లేచి పోయేది. మెరకలో మనుషులు మనుషుల మీద కసురుకోవడం మొదలైంది. అలాంటప్పుడు ఎవరో ఒకరు కావాలి. నాన్న దొరికాడు. 'ప్రార్థన ఆకాశం దాకా పోయింది, ఉప్పోడి కానీ అడ్డం పడి ఆగిపోయింది' అని ఎవరన్నారో గాని, ఆ మాటకి కాళ్ళొచ్చాయి. పిల్లలు నాన్నకి 'కానీగారు' అని పేరు పెట్టారు. పేరు బాగా కుదిరింది. అందుకే ఊరంతా పాకింది.

ఒక మిట్టమధ్యాహ్నం అక్క ఒక్కతే నడిచి వచ్చింది. మేం మడిలో ఉన్నాం. చెప్పులు కూడా విప్పకుండా గట్టు మీదకి వచ్చేసింది. ఉప్పు మడి గట్టు మీద చెప్పులతో ఎవరూ నడవరు. పుట్టి పెరిగిన పిల్లకి తెలియంది కాదు.

"నాన్నా, నువ్వు నాతో రా. వచ్చి ఆ మాటకి అర్థమేంటో వాళ్ళకి చెప్పు."

"ఏ మాట?"

"ఏ మాటా! నీళ్ళ దగ్గర నా బిందె పక్కకి నెట్టేస్తున్నారు. 'నీకెందుకమ్మా నీళ్ళు, మీ నాన్న మాటకి ఆకాశమే ఆగుతుందిగా, పోయి ఆయన్నే అడుగు' అంటున్నారు. మీ అల్లుడు ఒకడితో కలబడి చొక్కా చింపుకుని వచ్చాడు. ఉన్నవే రెండు చొక్కాలు."

"దేవుడికి తెలుసులేమ్మా."

"దేవుడికి తెలిస్తే సరిపోదు నాన్నా! దేవుడు నీళ్ళకి వరసలో నిలబడడు. నేను నిలబడాలి. వాన రావాలనే అన్నానని చెప్పు. ఒక్క మాట. చెప్పి వచ్చెయ్."

నేను పార దించి, "అలా అననప్పుడు ఎలా చెబుతాడు? మన ఉప్పు కోసమే అన్నాడు" అన్నాను.

అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. తర్వాత నాన్న వైపు తిరిగింది. "అవునా?"

నాన్న పార మీద గడ్డం ఆనించి నీళ్ళలోకి చూస్తున్నాడు. తెల్లటి నీళ్ళు. ఎండ కింది నుంచి కొడుతోంది.

"నాకే తెలీదమ్మా" అన్నాడు.

"ఏం తెలీదు?"

"ఏదన్నానో. వాన ఇమ్మని అడుగుదామనే లేచాను. 'నీ ఇష్టం' అనేదాకా బాగానే ఉంది. అప్పుడు మడి కళ్ళముందుకొచ్చింది. నోట్లోంచి ఆ మాట పడింది. ఎటు తిరిగి పడిందో నేను చూసుకోలేదు."

అక్క గొంతు తగ్గించి అంది. "మరి దేవుడికి మాత్రం ఎలా తెలుస్తుంది?"

"నాకు తేలనిదే కదా ఆయన దగ్గర పెట్టేది. తేలింది నేనే చేసుకుంటాను."

గట్టు అవతల చాప అల్లుతున్న అమ్మ తల ఎత్తకుండానే, "మగాళ్ళంతా ఇంతే. మాట కూడా తేల్చరు. దేవుడి నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటారు" అంది.

నాన్న చేతులు దులుపుకోలేదు. కాళ్ళు కడుక్కుని, కావడి దించి, మా ఇంటి బావి మంచినీళ్ళు రెండు బిందెలు నింపి భుజానికెత్తుకున్నాడు. అక్క చెప్పులు చేతబట్టుకుని ముందు నడిచింది. నేను వెనక నడిచాను, ఎవడన్నా ఏదన్నా అంటే చూద్దామని. మెరక వీధిలోకి అడుగు పెట్టగానే ఒక అరుగు మీద నుంచి కేక వచ్చింది. "కానీగారు వచ్చారోయ్!"

"ఆఁ, వచ్చాను" అన్నాడు నాన్న, నిజంగా పేరు పెట్టి పిలిచినట్టు. "నీళ్ళు కావాలా?"

అరుగు మీదవాడు తడబడ్డాడు. వాడి వెనక ముసలామె చెంబు పట్టుకుని లేచింది. అక్క ఇల్లు చేరేసరికి ఒక బిందె సగమైంది. మర్నాడూ వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. మడిలో పని నామీదా అమ్మమీదా పడింది. నాకు ఒళ్ళు మండిపోయేది. గింజ ముదురుతోంది, గాలి మారుతోంది, ఈయన నీళ్ళు మోస్తున్నాడు.

"ఇంక లాగేద్దాం నాన్నా" అని రోజూ పోరేవాణ్ణి.

నాన్న వంగి పిడికెడు తీసి వేళ్ళమధ్య నలిపేవాడు. "ఇంకా పిండే. ఇప్పుడు లాగితే కొఠారులో వెనక్కి కొడతారు. ఆగు."

"ఆగి ఆగి నీళ్ళు లాగుదాం."

"ఆగమన్నానా."

ఇక లాగొచ్చని నాన్న అన్న రోజున పొద్దున్నే మొదలుపెట్టాం. మంచి గింజ. పార కింద కరకరలాడుతోంది. అమ్మ కూడా ఆకాశం చూడడం మానేసి కుప్ప చూస్తోంది. మధ్యాహ్నం దాటాక గాలి ఒక్కసారి ఆగిపోయింది. తర్వాత కొండ వైపు నుంచి ఆ వాసన వచ్చింది.

మెరక మీద అప్పటికే పడుతోంది. పొలాల మీద బూడిదరంగు దుప్పటి కప్పినట్టు వాన దిగడం కనపడుతోంది. అక్కడి నుంచి కేకలు, పళ్ళేలు వాయిస్తున్న చప్పుడు. మేం ముగ్గురం లాగుతున్నాం. అరిచేతులు పగిలి ఉప్పు దిగుతోంది. వాన ముందు బావ బండి వస్తోంది, వాన దాన్ని తరుముతున్నట్టు. బండి ఆగకముందే అక్క దూకి చెప్పులు విసిరేసి మడిలోకి దిగింది.

"నీ పొలం తడుస్తోందే!" అంది అమ్మ.

"తడవనీ. దానికి నేనెందుకు?" అంది అక్క. పార అందుకుంది. మొహం మీద నీళ్ళు కారుతున్నాయి. మా దగ్గర ఇంకా ఒక్క చినుకు పడలేదు.

ఆ తర్వాత పడింది. చినుకులు కాదు, కుండలతో పోసినట్టు. మడిలో తెలుపు మా కాళ్ళ కిందే పలచబడింది. నేను లాగుతున్న పార తేలికైంది. ఇంకా తేలికైంది. చివరికి ఉత్త నీళ్ళు లాగుతున్నానని తెలిసి కూడా కాసేపు ఆగలేకపోయాను. నాన్న వచ్చి పార నా చేతిలోంచి తీసుకున్నాడు. "చాలు. కుప్ప చూద్దాం."

మేం కుప్ప మీద చాపలు పట్టుకుని వేలాడుతుంటే మెరక జనం దిగొచ్చారు. తడిసి ముద్దై, ఎగురుతూ, మొన్నటిదాకా వెక్కిరించిన వాళ్ళే. అరుగు మీదవాడు ముందున్నాడు.

"నీ నోటి చలవ ఉప్పాయనా! నువ్వు కానీ అన్నావు, అయ్యింది!"

నాన్న ఏదో అనబోయాడు. అమ్మ అననివ్వలేదు. "ఆ నోటి చలవకి మా ఇల్లు కరిగిపోయింది గాని, గెంతింది చాలు, ఆ కొస పట్టుకోండి నాయనా, చాప లేచిపోతోంది!"

గెంతులు ఆగాయి. ఒకడు కొస పట్టుకున్నాడు. తర్వాత ఇంకొకడు. చివరికి కుప్ప చుట్టూ మనుషులే గోడ అయి నిలబడ్డారు, వాళ్ళు ఇన్నాళ్ళూ ఏడ్చి తెచ్చుకున్న వానకి వీపు పెట్టి.

మిగిలింది అందరూ కష్టపడినంత లేదు. కొఠారు గుమాస్తా మంచివాడే. కుప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు. మళ్ళీ తిరిగాడు, తిరిగితే పెరుగుతుందేమోనన్నట్టు. "పెద్దాయనా, ఇది ఇంటి వాడకానికి ఉంచుకోండి" అన్నాడు. ఆ మాటతో మడులు పోయాయి.

కొత్తగా మడులు తీసుకున్నవాడు కుర్రవాడు. నాన్న వాణ్ణి గట్టు గట్టుకీ తిప్పాడు. "ఈ మూల నేల మెత్తన. మిగతా మడి అడుగు తొక్కి గట్టిచేసినట్టు చేస్తే చాలదు. నీళ్ళు పీల్చేస్తుంది. ఇక్కడ మోకాళ్ళు నొప్పెట్టేదాకా తొక్కు." వాడు మొహమాటంగా తలూపాడు. నేను దూరంగా నిలబడి పాయలోకి రాళ్ళు విసిరాను.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. తిట్టినట్టు అడగలేదు. అందుకే నాకు భయమేసింది. "ఏం చేశాడయ్యా నీ దేవుడు?"

నాన్న పార మూలన ఆనించి అన్నాడు. "ఇంకా చేస్తున్నాడేమో. పని మధ్యలో ఉన్నవాణ్ణి ఇప్పుడే అడిగితే ఏం చెబుతాడు?"

"నీకైనా చెప్పాడా, ఎప్పటికవుతుందో?"

"నాకెందుకు చెబుతాడు? నన్ను మధ్యలో పెట్టే చేస్తున్నాడు."

అమ్మకి నవ్వొచ్చింది. తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

బావ పట్నం పోలేదు. మేం మెరకకి వెళ్ళాం. బావకి పొలం ఉంది, చేతులు చాలవు. మాకు చేతులున్నాయి. అడిగింది బావే. "మామయ్యా, మీరు రాకపోతే నేను ఒక్కణ్ణీ చచ్చిపోతాను" అని, మాకేదో ఉపకారం చేస్తున్నట్టు కాకుండా. నాన్న అరికాళ్ళు ఉప్పుకి రాయిలా గట్టిపడి ఉండేవి. దున్నిన చాలులో మొదటిసారి కాలు పెట్టి, "దిగిపోతోందిరా" అన్నాడు, గట్టు వెతుక్కుంటూ. అందరం నవ్వాం.

విత్తులు వేశాం. మొలకలు లేచాయి. అంతే, వాన మొహం చాటేసింది. మొలకలు పగలు తలలు వాల్చేవి. బావ తిండి మానేశాడు. నేను మానలేదు గాని, మింగింది లోపలికి దిగేది కాదు. ఎదురుచూడడంలో రైతుకీ ఉప్పువాడికీ ఏమన్నా తేడా ఉందేమో అనుకున్నాను. లేదు. నాన్న పొద్దున్నే చేలోకి వెళ్ళి నిలబడి పెదాలు కదిపేవాడు. తర్వాత కలుపు చూసేవాడు.

ఒక సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, అందరం వసారాలో కూర్చున్నాం. నాన్న గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. ఉన్నట్టుండి ఉరిమింది. రేకుల మీద చినుకులు రాళ్ళలా పడ్డాయి.

నాన్న ఉలిక్కిపడి లేచాడు. "పారలు! పారలు తియ్యండ్రా! చాపలేవీ?" అని అరుస్తూ వాకిట్లోకి పరిగెత్తాడు. వాకిలి దాటి చేను దాకా పోయాడు. అక్కడ ఆగిపోయాడు. రెండు చేతులూ ఖాళీగా వేలాడుతున్నాయి. చుట్టూ చూశాడు. లాగడానికి ఏమీ లేదు. కప్పడానికి ఏమీ లేదు.

బావ పగలబడి నవ్వాడు. పిల్లలు నవ్వారు. అమ్మ నవ్వలేదు. "లోపలికి రావయ్యా, తడిసిపోతున్నావు" అని గుమ్మంలోంచి పిలిచింది.

నాన్న రాలేదు. ఉప్పు పండించేవాడు వానలో పని లేకుండా నిలబడడం మా వంశంలో ఎవరూ ఎరగరు. ఆయనకది ఎలా చెయ్యాలో తెలిసినట్టు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక ముందు వెనక్కి కట్టుకున్నాడు. తర్వాత వదిలేశాడు. మొహం పైకెత్తి కళ్ళు మూసుకుని, నీళ్ళు కారిపోతుంటే, అలా నిలబడిపోయాడు.